నాలాలు కొట్టే బుడన్ మియా

ఇచ్చోడ దిక్కు ఎర్రవాగు అంగట్ల ఎంత పొగరుబోతు ఎద్దునైనా బుడన్ మియా ఒక్కడే పడేస్తడు. కాళ్లకు తాడు మెలేసి గుంజితే అది ధడేలుమని డొక్కమీద పడుతది. నాలుగు కాళ్లు కలిపి కట్టి, మెడమీద మోకాలు ఆనించి, గిట్టలకు ఇనుప నాలాలు కొడుతడు. మొలలన్ని నోట్లనే పెట్టుకుంటడు. ఎద్దుల తన్నులు తిని తిని ముందు పండ్లు ఊడినయి. సుత్తె ఎత్తేముందు మాత్రం తన తలరుమాలు విప్పి ఎద్దు కండ్లకు కడుతడు. "చూస్తే బెదురుతది" అంటడు.

పోలీసు యాక్షన్ల పానం బుగులై కరాచీకి పోయిండు. అక్కడ ఉండలేక పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద తిరిగొచ్చిండు. అది రైలు టికెట్ లెక్క, ఊరు చేరితే దాని పని అయిపోతదనుకున్నడు. అప్పటిసంది పుట్టిన ఊర్లనే పరదేశి. ఉండనియ్యమని ఏటేటా ఠాణాల దరఖాస్తు పెట్టాలె. "ఏ దేశపోనివిరా" అంటే "ఎర్రవాగు" అంటడు. చెంప పగులుతది. మళ్ల అడిగితే మళ్ల అదే అంటడు.

ఈసారి పర్మిట్ రాలే. అంగడినాడే పోలీసు జవాన్లొచ్చి, పనిల ఉన్నోన్ని రెక్క పట్టి గుంజిన్రు. లేవలే. లాఠీ దవడమీద పడ్డది. నోట్ల ఉన్న మొల చెంపలకెల్లి బయటికొచ్చింది. పెనుగులాటల ఎద్దు కండ్లకున్న రుమాలు ఊడి నెత్తుట్ల పడ్డది. ఎద్దు తాడుతోనే చేతులు వెనక్కి విరిచి కట్టిన్రు. ఎద్దుగల్ల బాలమల్లు రుమాలు తీసి, అతని చెంపకు అద్దబోయిండు.

బుడన్ మియా మొఖం తిప్పుకున్నడు.

"నాకు గాదు పటేలా, దానికి గట్టు. చూస్తున్నది."