ఒక్క బటన్ కోసం గోదావరి దాటిన రోజు

మే నెల మూడో వారం, బుధవారం. పొద్దున్న అయిదుంపావుకు ఆగిరిపల్లి సెంటర్లో నూజివీడు వెళ్ళే పల్లెవెలుగు బస్సు ఎక్కాను. చేతిలో ఫైలు, సంచిలో మంచినీళ్ళ సీసా, డబ్బాలో నాలుగు ఇడ్లీలు. కడుపులో మాత్రం కోపం.

దేనికోసం బయల్దేరానో ముందే చెప్తాను. నేను ఎంబీబీఎస్ పూర్తి చేసి ఎనిమిదేళ్ళయింది. నూజివీడులో ఒక నర్సింగ్ హోంలో డ్యూటీ డాక్టర్ని. ఇక్కడ పీజీ సీటు కోసం మూడుసార్లు పరీక్ష రాశాను, రాలేదు. కొనుక్కునే తాహతు లేదు. అందుకని అమెరికాలో రెసిడెన్సీకి ప్రయత్నిస్తున్నాను. రెసిడెన్సీ అంటే అక్కడి ఆసుపత్రిలో పనిచేస్తూ స్పెషలిస్టుగా తయారయ్యే శిక్షణ. బయటి దేశాల్లో చదివినవాళ్ళు ముందు అక్కడి పరీక్షలు పాసవ్వాలి. డ్యూటీల మధ్య చదివి పాసయ్యాను.

ఆ తర్వాతిది నా చేతిలో లేదు. నా పట్టా నిజమైనదేనని నేను చదివిన కాలేజీ చెప్పాలి. అమెరికా నుంచి కాలేజీకి మెయిల్ వస్తుంది. అందులో లింకు తెరిచి, నా డిగ్రీ కాపీ చూసి, అవునని ఒక బటన్ నొక్కాలి. అయిదు నిమిషాల పని. ఆ మెయిల్ జనవరిలో వచ్చింది. అప్పట్నుంచీ వారానికోసారి ఫోన్ చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ అదే గొంతు, అదే మాట: "పంపేశామమ్మా." సెప్టెంబరులో దరఖాస్తులు వెళ్ళిపోవాలి. చదువై అయిదేళ్ళు దాటిందంటే కొన్ని ఆసుపత్రులు దరఖాస్తు తెరవనే తెరవవు. పోగొట్టుకోవడానికి నా దగ్గర ఇంకో ఏడాది లేదు.

ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్సుల దాకా బస్సు ఉచితమే. ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాను. బస్సు నిండా మామిడికాయల షెడ్లకు పనికి వెళ్ళే ఆడవాళ్ళు. పక్క సీట్లో సుబ్బాయమ్మ కూర్చుంది. మా ఆసుపత్రిలో బీపీకి చూపించుకుంటుంది.

"పొద్దున్నే ఎక్కడికండీ డాక్టరమ్మగారూ?"

"నేను చదివిన కాలేజీకి. నేను అక్కడ చదివానని వాళ్ళు చెప్పాలి."

"మీరు చదివినట్టు వాళ్ళకి తెలీదాండీ?"

"తెలుసు. చెప్పరు."

"మా షెడ్డులో అయితే మామిడికాయల్లో రసం రకం ఏదో, కలెక్టరు రకం ఏదో చేత్తో పట్టుకోగానే చెప్పేస్తామండీ" అంది.

నూజివీడులో దిగి, ఆరున్నరకు హనుమాన్ జంక్షన్ బస్సు. దారికి రెండువైపులా తోటల్లో అప్పటికే కోత మొదలైంది. జంక్షన్లో ఇడ్లీలు తిని, టీ తాగి, ఏడున్నరకు రాజమండ్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. నా దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట: కుడివైపు కూర్చోకండి. పది దాటాక కూడా ఎండ ఆ కిటికీలను వదలదు. నేను కూర్చున్నది అక్కడే. తణుకు దాటేసరికి కుడి చెయ్యి మండిపోయింది. గోదావరి వంతెన దాటి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో కాలేజీ గేటు ముందు దిగేసరికి పదకొండు.

అకడమిక్ సెక్షన్లో ఫోన్‌లో విన్న ఆ గొంతుకు ముఖం దొరికింది. పేరు ప్రసాదరావు, సూపరింటెండెంటు.

"పంపేశామని చెప్పాం కదమ్మా."

"ఏ తేదీన పంపారండీ?"

"తేదీలవీ ఎవరికి గుర్తుంటాయి?"

"మెయిల్ తెరవండి. నేనే చూసుకుంటాను."

ఆయనకు ఇష్టం లేదు. నేను కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు. చివరికి తెరిచాడు. నా పేరుతో వచ్చిన మెయిల్ నల్లటి లావు అక్షరాల్లో, తెరవకుండా అలాగే ఉంది. జనవరి నుంచి దాన్ని ఎవరూ తాకలేదు. దాని కిందా పైనా అలాంటివే ఇంకో పదకొండు ఉన్నాయి. పదకొండుమంది పేర్లు. ఇద్దరు నా జూనియర్లు. వాళ్ళకూ ఇదే గొంతు ఇదే మాట చెప్పి ఉంటుంది.

"వైస్ ప్రిన్సిపాల్‌గారి పాస్‌వర్డ్ కావాలమ్మా. ఆయన మధ్యాహ్నం గానీ రారు" అన్నాడు తెర వైపు నుంచి ముఖం తిప్పుకుని.

క్యాంటీన్లో పెరుగన్నం తిన్నాను. రుచి గుర్తులేదు. రెండున్నరకు వైస్ ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. నాకు జనరల్ మెడిసిన్ చెప్పిన ప్రొఫెసరే ఆయన. విషయం విని, కంప్యూటర్ ముందు కూర్చుని, నా డిగ్రీ చూసి, బటన్ నొక్కారు. నేను గడియారం చూశాను. మూడు నిమిషాలు పట్టింది.

"అయిపోయిందిగా అమ్మా, వెళ్ళిరా."

"మిగతా పదకొండు కూడా చెయ్యండి సార్."

"వాళ్ళు వచ్చి అడగలేదు కదా."

"అడిగారు సార్. మీ ఆఫీసు వాళ్ళకి అబద్ధం చెప్పింది."

ప్రసాదరావు ఫ్యాను వైపు చూశాడు. సార్ రెండో మెయిల్ తెరిచారు. కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. చివరిదాకా చూశాను.

నాకు ఇంకో పని ఉంది. దరఖాస్తుకు సిఫారసు ఉత్తరాలు కావాలి. రెండు ఉన్నాయి, మూడోది ఆయన్ని అడగాలని వచ్చాను. ఆ మాట చెప్పగానే, "దానిదేముంది, ఎప్పుడూ రెడీయే" అని, కంప్యూటర్లో ఒక ఫైలు తెరిచి, పేరు దగ్గర నా పేరు రూతు అని కొట్టి, ప్రింటు తీసి సంతకం పెట్టారు. "ఇది చూసుకో. ఇదే వాళ్ళ సైట్లో పెట్టేస్తాను."

చదివాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. ఇతడు వినయవిధేయతలు గల కుర్రాడట. ఇతనికి క్రికెట్ అంటే ఆసక్తి అట.

"సార్, ఇది నా గురించి కాదు."

"అమెరికావాళ్ళు ఇవన్నీ కూర్చుని చదువుతారా ఏంటి?"

"నేను చదివాను కదా సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. "నీ బ్యాచ్‌లో నూటయాభై మంది. ఎవరెవరు ఏం చేశారో నాకు గుర్తుండాలా? కావాలంటే తీసుకో, లేకపోతే లేదు."

"వద్దు సార్" అన్నాను. కాగితం ఆయన టేబుల్ మీదే పెట్టి బయటికి వచ్చాను. మెడికల్ కాలేజీ ప్రొఫెసరు ఉత్తరం లేకపోతే దరఖాస్తుకు విలువ ఉండదని, ఈ దరఖాస్తులు చేయించే కన్సల్టెన్సీవాళ్ళు వందసార్లు చెప్పారు. ఆవేశపడి నా గొయ్యి నేనే తవ్వుకున్నానా?

నాలుగున్నరకు తిరుగు బస్సు దొరికింది. వంతెన మీద ఉండగా మా నర్సింగ్ హోం నడిపే రాజకుమారి మేడంకు ఫోన్ చేశాను. నా పని ఆరేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. చిన్న ఊరు, చిన్న ఆసుపత్రి అని ఆమెను అడగాలనే నాకు తోచలేదు. ఈ రోజంతా నాకు వచ్చిన కోపంలో కొంత నా మీదే.

జరిగింది మొత్తం విన్నారు. "నాది ఇరవై పడకల ఆసుపత్రి రూతూ. నేను రాస్తే పనికొస్తుందా?"

"తెలీదు మేడం. నేనెలా పనిచేస్తానో మీకు తెలుసు, అంతే."

"సరే. పాము కరిచిన ఆ కోత కూలీకి బెజవాడ చేరేదాకా అంబులెన్సులో చేత్తో గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందించావు చూడు, అది రాస్తాను. ఆ పెద్దాయనకి షుగర్ మాత్ర డోసు తప్పు రాసి, నువ్వే పట్టుకుని, స్కూటీ మీద వాళ్ళింటికెళ్ళి మార్చి, వచ్చి నాకు చెప్పావే. అది కూడా రాస్తా. వద్దంటావా?"

కన్సల్టెన్సీవాళ్ళయితే వద్దనేవాళ్ళు. తప్పు చేశానని ఉత్తరంలో ఉండటం ప్రమాదమే. కానీ రోజంతా కూర్చున్న ఆ ఆఫీసులో, పట్టా మాట తప్ప నా గురించి ఎవరూ ఒక్క నిజం చెప్పలేదు. ఆరేళ్ళ నా పనిలో జరిగిన మంచీ చెడూ గుర్తుపెట్టుకున్న మనిషి ఒకరు ఉన్నారని అప్పుడే తెలిసింది.

"రాయండి మేడం. రెండూ రాయండి" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. టికెట్లు కొడుతున్న కండక్టరు వెనక్కి తిరిగి, "అమ్మా, నెమ్మదిగా" అన్నాడు.

"ఇన్నాళ్ళూ నెమ్మదిగానే మాట్లాడానండీ" అన్నాను.