కల కన్నందుకు నింద

ఒంటిపూట బడులు మొదలయ్యాయి, తోటల్లో కాయ కోతలూ మొదలయ్యాయి. అప్పుడు నేను చాట్రాయి దగ్గర ఒక ఊళ్లో రెండో తరగతికి పాఠం చెబుతున్నాను. ఎప్పుడూ గలగలా మాట్లాడే ఒక పిల్ల బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తోంది. తట్టి లేపితే ఉలిక్కిపడి, "నిద్రపోలేదు టీచర్, నాకు కల రాలేదు" అంది.

దగ్గర కూర్చోబెట్టుకుని అడిగితే మెల్లగా చెప్పింది. వాళ్ల నాన్న మామిడికాయలు కోసే కూలీ. ఆయన చెట్టు మీంచి పడ్డట్టు తెల్లవారుజామున కల వచ్చిందట. లేచి ఇంట్లో చెప్పిందట. ఆరోజే కొమ్మ విరిగి ఆయన కింద పడ్డాడు, కాలు విరిగింది.

"నా కల వల్లే పడ్డాడంట. నాయనమ్మ అంటోంది. మళ్లీ కలొస్తే ఏమవుద్దోనని పడుకోట్లేదు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పసిదాని నెత్తిన అంత పాపం మోపుతారా?

పుస్తకం మూసేసి క్లాసంతటికీ చెప్పాను. "మనం పడుకున్నా మెదడు పని మానదర్రా. పగలు చూసినవీ, విన్నవీ, భయపడ్డవీ కలిపి బొమ్మలు కడుతుంది. జ్ఞాపకాలు సర్దుకోడానికని కొందరంటారు. ఎందుకో పూర్తిగా ఇంకా ఎవరికీ తెలీదు. కానీ కల మన తలలోనే ఉంటుంది. బయటికొచ్చి కొమ్మలు విరవలేదు."

"మరి నిజమైంది కదా టీచర్?" అంది ఆ పిల్ల.

"నాన్న చెట్టెక్కుతుంటే పడతాడేమోనని నీకు రోజూ భయమే కదా? ఆ భయమే కలైంది. పులి కలలో వచ్చిందనుకో, వీధిలోకి వస్తుందా?"

రాదన్నట్టు తలూపింది.

బడి వదిలాక దాని చెయ్యి పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. తండ్రి కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. నాయనమ్మను నిలదీశాను.

"తెల్లారగట్ట కల నిజమవుద్ది టీచరమ్మా" అందామె.

పిల్లను ఇలా నిందిస్తున్నారని తండ్రికి అప్పటిదాకా తెలియదు. "దీని కలేంటమ్మా? కొమ్మ పుచ్చిందని చెప్పినా వినకుండా ఎక్కమన్నాడుగా తోటాయన!"

"మరి ఆయన్ని అడిగారా?" అన్నాను.

"ఆయన్నెట్టా అడుగుతాం? రేపు పని ఇవ్వాలిగా" అంది ముసలామె.

అడగలేని మనిషిని వదిలేసి, ఎదురుచెప్పలేని పిల్లను పట్టుకున్నారు! తండ్రి చెయ్యి చాస్తే అది వెళ్లి ఆయన పక్కన ముడుచుకుని, ఆ మధ్యాహ్నమే నిద్రపోయింది.

నేను తిన్నగా తోటకు వెళ్లి యజమానిని కడిగేశాను. ఆయన నవ్వాడు. "టీచర్ గారూ, మీరు బడి చూసుకోండి."

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.