బోనం కోసం మానేసిన గోలీలు

హార్మోను గోలీలు మధ్యలో మానేసిన ఆడవాళ్లను తెలివితక్కువవాళ్లంటారు. మా ఇంట్లో వాటిని మాన్పించింది ఎవరో నాకు తెలుసు.

నా భార్యకు నలభై నిండకముందే ముట్టు ఆగిపోయింది. ఒంట్లో ఆవిర్లు, నిద్ర కరువు, ఊరికే ఏడుపు. ఇబ్రహీంపట్నం చేన్లన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు దస్తావేజులు రాసే నాకు తలెత్తే తీరిక లేదు. అయినా పట్నం దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ గోలీలు రాసింది.

"ఇంత చిన్న వయసుల ఆగితే ఎముకలు గుల్లబారుతయ్. ఏండ్లకేండ్లు వాడాలె. ఇబ్బందయితే నాకు చెప్పుండ్రి, మీ అంతట మీరు ఆపకుండ్రి" అంది.

రెండు నెలల్లో నా భార్య తిరిగి మనిషైంది. కాకపోతే ఆ గోలీలతో నెలనెలా ముట్టు మళ్లీ మొదలైంది.

మా ఇంట్లో ముట్టు ఆగిన ఆడదే పోచమ్మకు బోనమెత్తాలి. ఆ ఆషాఢం వంతు ఆమెది. కుండకు పసుపు రాస్తుంటే మా అక్క వాకిట్లో అందరి ముందూ అందుకుంది.

"ఏందే మరదలా, మల్ల బయట చేరుతున్నవట? బిడ్డ పెండ్లికొచ్చినంక నీకు పడుచుతనం కావాల్సొచ్చిందా?"

"గోలీలకు అయితుంది వదినా."

"గసొంటి గోలీలు ఎవలు మింగుతరో మాకెరుకలేదా? ఇడువు కుండ."

ఆడవాళ్లంతా నవ్వారు. గోలీల పెట్టెలోని కాగితాన్ని నిఘంటువు పక్కన పెట్టుకొని మూడుసార్లు చదివి, ముట్టు వాటివల్లేనని తెలిసినవాణ్ణి, అరుగు మీదే ఉన్నాను. చేతిలోని దస్తావేజులోకి తల దూర్చాను. బోనం అక్క నెత్తికెక్కింది.

ఆనాటి నుంచి నా భార్య గోలీ ముట్టలేదు. నేను తిట్టాను.

"ఎముకలిరిగి మంచంల పడితే ఎవడు చేస్తడే నీకు?"

"ముట్టు రాని గోలీ ఉందేమో డాక్టరమ్మను అడుగు. పట్నం తొవ్వ నాకు తెల్వది. నువ్వు స్టాంపు కాగితాలకని రోజు పోతనే ఉంటవ్ గద."

పోయాను, వచ్చాను. దవాఖాన ముందు నుంచే పోయాను. ఎవరి పొలమైనా హద్దులతో సహా చదివి వినిపించే నోటికి, పరాయి ఆడమనిషి ముందు ఆ ఒక్క మాట అనడం నామోషీ అనిపించింది. అలాంటి గోలీ లేదని డాక్టరమ్మ చెప్పిందని ఇంట్లో అబద్ధమాడాను.

ఏళ్లు గడిచాక వాకిలి కడుగుతూ జారి, చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టించి ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయాను. ఎందుకు ఆపారని అడిగితే నా భార్య బోనం సంగతి చెప్పింది.

"ముట్టు రాకుంట వాడే రకం ఉంటది గదమ్మా. ఒక్కమాట అడిగితే మార్చేదాన్ని."

నా భార్య నా దిక్కు తిరగలేదు.

"ఈయన నిన్ను అడిగిండంట గదమ్మా" అంది. "లేదన్నవంట."