మీటరు ముల్లు మీద ధ్యానం

డెబ్బైల్లో నేను పటాన్‌చెరు దగ్గర ఒక కార్ఖానాలో బాయిలరు మీటరు చూసేవాణ్ణి. ఇస్నాపూర్‌లో కిరాయి గది. గదిలో ముగ్గురం, మంచం ఒకటి. మూడు షిఫ్టులవాళ్లం కాబట్టి ఆ మంచం ఏనాడూ చల్లబడిన పాపాన పోలేదు. మంచం మీద నా వంతు మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి పదింటి దాకా. గోడకవతలే ఇంటి ఓనరు సేటు గారి పిండిగిర్ని. సరిగ్గా మూడింటికే మొదలై రాత్రి పది దాకా నడిచేది. అది తిరుగుతుంటే మంచం నాతో సహా జిన్నారం దాకా వెళ్లి వచ్చినట్టుండేది. పదింటికి వంతు అయిపోతే, అరుగు మీద దోమలకు ఒళ్లప్పగించి, పొద్దున ఆరింటికి డ్యూటీకి పోయేవాణ్ణి. బస్సులో నా ఎముకలు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడేవి.

ఒకనాడు మీటరు ముందు కునుకుతూ ఫోర్మన్‌కు దొరికాను. ఇంకోసారి దొరికితే తీసేస్తానన్నాడు. పని పోతే ఊరికెళ్లి నాగలి పట్టాలి. నాకు ఎద్దులంటే భయం, ఎద్దులకు నేనంటే చులకన.

గిర్ని పక్కనే సేటు కిరాణా దుకాణం. యోగశాస్త్రం చదివినాయన. వెళ్లి మొరపెట్టుకున్నాను.

"సేటూ, నీ గిర్ని నన్ను నిద్రపోనిస్తలేదు. డ్యూటీల కండ్లు మూతలు పడుతున్నయి."

"గిర్ని ఏం జేసింది? నీ చెవే దాని దగ్గరికి పోతున్నది. లోపలికి గుంజుకో. ప్రత్యాహారం అంటరు దాన్ని."

"గుంజుకున్నంక?"

"మనసును ఒక్కకాడ కట్టెయ్యాలె. అది ధారణ. పారిపోతది, మల్ల పట్కరా. పారిపోవుడు బందయితే ధ్యానం."

అంటూనే గరాటు లేకుండా సీసాలోకి పల్లినూనె వంచాడు. దారం కన్నా సన్నటి ధార, సంగారెడ్డి నుంచి వస్తున్నంత పొడుగ్గా, ఎక్కడా తెగలేదు.

"సూడు. చుక్కలు చుక్కలు పడితే ధారణ. గిట్ల తెగకుంట పడితే ధ్యానం."

"మరి సమాధి?"

"అప్పుడు నువ్వుండవు. నువ్వు చూసేదే ఉంటది."

నేనే లేకపోతే నిద్ర ఎవరికి వస్తుంది? ఇంతకన్నా మంచి మందు లేదనుకున్నాను.

మరునాడే మీటరు ముల్లు మీద ధారణ మొదలుపెట్టాను. ముల్లు, పోతిరెడ్డిపల్లి మేనత్త చేసే సర్వపిండి, ముల్లు, అరుగు మీది దోమ, ముల్లు. వారం తిరిగేసరికి సర్వపిండి పోయింది, దోమ పోయింది. ముల్లొక్కటే మిగిలింది. అది పెరిగి పెరిగి కార్ఖానా పొగగొట్టమంత అయింది.

భుజం మీద చెయ్యి పడింది. ఫోర్మన్. మూడుసార్లు పిలిచాడట.

"కండ్లు తెర్సుకోని నిద్రపోవుడు ఏడ నేర్చినవయ్యా?"

"నిద్ర గాదు సార్. ధ్యానం."

"రిజిస్టర్ చూపియ్."

అరగంటకోసారి ముల్లు ఎక్కడుందో అందులో రాయాలి. ఎనిమిది నుంచి పది దాకా గళ్లన్నీ ఖాళీ. ముల్లు ఉంది, రాయాల్సినవాడే లేడు. ఇప్పుడెంత మీద ఉందని అడిగితే, రెండు గంటలు చూసినదాన్ని మళ్లీ తిరిగి చూసి చెప్పాల్సి వచ్చింది.

"ఇదే లాస్ట్. రేపు గిట్లనే కనబడితే గేటు బయట చేస్కో నీ ధ్యానం."

అరవడానికి ఆయనకూ ఓపిక లేదు. మెల్లగానే అన్నాడు.

డ్యూటీ దిగి నేరుగా దుకాణానికి వెళ్లాను. సేటు నూనె పోస్తున్నాడు.

"సమాధి అయింది సేటూ. నౌకరి పోయేటట్టున్నది."

జరిగింది చెప్పాను. ధార తెగింది. నాకు తెలిసి మొదటిసారి ఒక చుక్క సీసా బయట పడింది. సేటు దాన్ని వేలితో తీసి తలకు రాసుకున్నాడు.

"నిద్రపోక ఎన్ని దినాలయింది?"

"మూడు నెలలు." మూడు యుగాలనబోయి తగ్గించాను.

ఆయన గిర్ని వైపు చూశాడు. గోధుమల డబ్బాలు పట్టుకుని ఆడవాళ్లు వరసగా నిలబడి ఉన్నారు.

"రేపటి సంది గిర్ని మాపటికి ఆరింటికి పెడ్త. మూడు గంటలు పండుకో. ఆడోళ్లు తిడితే నేను పడ్త."

"మరి ధ్యానం?"

"నిద్ర సాలినోడు చేసే పని అది. నువ్వు జెర ఆగు."

మరునాడు మూడింటికి మంచమెక్కాను. గోడకవతల, గిర్ని ఎందుకు పెట్టలేదని ఒకామె సేటును తిడుతోంది. మొదటి తిట్టు వినిపించింది, రెండోది సగం వినిపించింది. మూడోది ఏమిటో నాకు తెలియదు.