యాకుత్‌పురా పెరట్లో పిలిపాల

మాది విజయనగరం. పాతబస్తీ యాకుత్‌పురాలో స్నేహితుడి ఇంట్లో దిగినప్పుడు, మధ్యాహ్నం పూట వాళ్లమ్మ రజియా గారు పెరట్లో నిమ్మచెట్టు ముందు నిలబడి ఏదో వల్లిస్తున్నారు.

"ఏం భాషండీ అది?" అన్నాను.

"వెల్ష్, బేటా. పెద్దోడు చేసుకున్న పిల్లది వేల్స్. మొదటిసారి మనింటికొస్తున్నది. దాని భాషల నాలుగు మాటలన్నా రావాలె గద. గీ పిట్టల్ని, పూలని చూస్కుంట నేర్చుకుంటున్న."

అంతలో కొమ్మకున్న గూడు చీల్చుకుని ఒక సీతాకోకచిలుక బయటికొచ్చింది. తడి రెక్కలు మెల్లగా విప్పుతుంటే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. ఆమె కోడలికి వీడియో కాల్ చేసి, ఫోను అటు తిప్పి, "పిలిపాల" అన్నారు. వెల్ష్‌లో సీతాకోకచిలుకని అలాగే అంటారట.

 అటునుంచి ఆ అమ్మాయి గొంతు సన్నగా వినిపించింది.

"ఫిర్ సే బోలో, అమ్మీ."

మళ్లీ చెప్పమంటోంది, అదీ ఉర్దూలో. కోడలు ఉర్దూ నేర్చుకుంటోందని రజియా గారికీ అప్పుడే తెలిసింది.