చేపల బండి చప్పుడు

కొత్త సైలెన్సర్ చివరి బోల్టు బిగించి, చేతులు గుడ్డకు తుడుచుకుని, బెజవాడ ఆటోనగర్ మెకానిక్ కిక్కు కొట్టగానే మా నాన్న బండి చాలా ఏళ్ల తర్వాత నోరు విప్పింది. ముందు కాస్త దగ్గింది. తర్వాత నీలం పొగ వదిలింది. పెట్రోలూ ఆయిలూ కలిసి కాలిన ఆ తియ్యటి ఘాటు వాసన షెడ్డంతా నిండిపోయింది. "ఓకేనా మేడం?" అన్నాడు మెకానిక్, రేసు పెంచుతూ. ఎవరికైనా సైలెన్సర్ మార్చడమంటే పాతది విప్పి కొత్తది తగిలించడమే. మా ఇంట్లో మాత్రం అది ఒకప్పుడు ఒక వేసవంతా సాగిన పని, ఆ పని కుదరడం మీదే మా ఇల్లు నడవడం ఆధారపడింది.

మా నాన్న నాగయ్య బందరులో తెల్లవారేసరికి పడవల దగ్గర చేపలు కొని, బండికి రెండు వైపులా కట్టిన వెదురు బుట్టల్లో ఐసు ముక్కల మధ్య పేర్చుకుని, పామర్రు మీదుగా కూచిపూడి, మొవ్వ వైపు ఊళ్లకు వెళ్లి అమ్మేవాడు. సెలవులు వస్తే నన్ను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునేవాడు. కాళ్ల కింద ఇంజను వేడి, ముఖానికి కొట్టే గాలిలో ఎండుగడ్డి వాసన, వెనక నుంచి చందువ చేపల వాసన, కాలవ దాటుతుంటే ఉన్నట్టుండి చల్లగా తగిలే తడిమట్టి వాసన, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చేవి. వేసవిలో తాటిముంజలు తినేసి, ఆ కాయలకే పుల్ల గుచ్చి చక్రాల బండి చేసుకుని రోడ్డు పక్కన తోసుకుపోయే పిల్లలు మమ్మల్ని చూసి పందెం వేసేవాళ్లు. చలికాలం మంచులో నాన్న నా తలకు తన తువ్వాలు చుట్టేవాడు, అది కూడా చేపల వాసనే. కూచిపూడిలో తాళం చప్పుడు, అడుగుల చప్పుడు వినిపించే వీధి దగ్గర మాత్రం రేసు తగ్గించి పిల్లిలా పోనిచ్చేవాడు. "ఈడ మనకి బేరం లేదు, ఆళ్ల పాఠం చెడగొట్టటం దేనికి" అనేవాడు.

నాన్న మిగతా చేపలవాళ్లలా వీధుల్లో కేక వేసేవాడు కాదు. ఆ అవసరమే ఉండేది కాదు. మాకు బేరం బాగా సాగే ఊరి మొదట్లో, కాలవ నీళ్లు ఆపే లాకుల దగ్గర గట్టు మలుపు తిరుగుతుంది. అక్కడ గేరు తగ్గించి రేసు ఇచ్చినప్పుడు మా బండి ఒక తీరుగా మోగేది. ఉప్పునీళ్లు కారి కారి తుప్పుపట్టి, అతుకుల మీద అతుకులు పడిన ఆ సైలెన్సర్ నుంచి, పెద్దాయన పీట మీద కూర్చునే ముందు గొంతు సవరించుకున్నట్టు ఒక బొంగురు చప్పుడు వచ్చేది. అది వినబడగానే ఆ ఊళ్లో ఆడవాళ్లు చింతపండు నానబెట్టేవాళ్లు. బండి చర్చి వెనక మార్తమ్మ గారి ఇంటి ముందు ఆగేసరికి ఉల్లిపాయలు కోయడం కూడా అయిపోయేది. ఆవిడే ఎప్పుడూ మొదటి బేరం. చేప మొప్ప ఎత్తి ఆవిడ ఊ అంటే తక్కిన ఇళ్లవాళ్లు బేరమాడకుండా కొనేవాళ్లు. క్రిస్మస్‌కు ఆవిడ పెట్టే అరిసెలు, కజ్జికాయలు మా ఇంట్లో పండగ దాటి కూడా ఉండేవి. ఆదివారం ప్రార్థన సాగుతుండగా మా చప్పుడు వినబడితే ఆడవాళ్ల వరసలో కదలిక మొదలయ్యేదని, అప్పుడు పాస్టరు గారే తొందరగా ముగించేవారని నాన్న నవ్వుతూ చెప్పేవాడు.

ఆ వేసవిలో సైలెన్సర్ అడుగు పూర్తిగా ఊడిపోయింది. అతుకు వేయడానికి అందులో ఇనుమే మిగల్లేదు. ఆ మోడల్‌ది దొరకడం మానేసి చాలా కాలమైంది. నాన్న బెజవాడ వెళ్లి, గవర్నర్‌పేటలో నాలుగు కొట్లు తిరిగి, వేరే ఎవరో చేసిన సైలెన్సర్, అద్దంలా మెరిసేది, గోనెగుడ్డలో చుట్టుకుని తెచ్చాడు. పామర్రులో షెడ్డు పెట్టుకున్న బాజీ దాన్ని బిగించాడు. బోల్టు చిల్లులు కలవకపోతే కొత్తవి వేశాడు, ఇంజను దగ్గర పొగ కారకుండా వేడికి కాలని తాడు చుట్టాడు. బండి మెత్తగా, మర్యాదగా మోగింది. "పెళ్లికొడుకు బండిలా ఉంది నాగయ్యా" అన్నాడు బాజీ. నాన్న మురిసిపోయాడు.

మర్నాడు లాకుల మలుపు తిరిగాం. ఎవరూ గుమ్మంలోకి రాలేదు. మార్తమ్మ గారి తలుపు వేసి ఉంది. నాన్న పిలిస్తే లోపలి నుంచే "ఎవరు బాబూ?" అంది.

"నేనేనండీ అమ్మగారూ, నాగయ్యని."

"అయ్యో నువ్వా! కరెంటు మీటరు చూసేవాళ్లనుకుని తలుపేసుకున్నానయ్యా. పప్పు దించేశాను కూడా."

ఆ రోజు ఊరంతా పప్పే. ఐసు కరిగి బుట్టల్లోంచి కారుతుండగా సగం చేపలతో తిరిగొచ్చాం. అమ్మ వాటిని కోసి, ఉప్పు పట్టించి, పెరట్లో చాప మీద ఆరబెట్టింది. మరుసటి రోజుకు ఇంకో చాప కావలసి వచ్చింది. ఎండుచేపల ధర పచ్చి చేపల ధర కాదు. పైగా అదే దారిలో సైకిలు మీద ఇంకొకాయన కేక వేసుకుంటూ తిరగడం మొదలుపెట్టాడని తెలిసింది. గంట కట్టుకోమని, హారను మార్చమని అందరూ సలహా ఇచ్చారు. నాన్న వినలేదు. "గంట ఐసుఫ్రూట్ ఆయనది. హారను బస్సుది. నా చప్పుడు నాకు కావాల" అన్నాడు.

బాజీ సైలెన్సర్ వెనక మూత విప్పి, లోపలుండే చిల్లుల గొట్టం బయటికి లాగి, చిల్లులు పెద్దవి చేశాడు. బొంగురు వచ్చింది కానీ బండి లాగడం మానేసింది. ప్లగ్గు విప్పి చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. "పెట్రోలు చాలట్లా. ఇట్టా తోలావంటే పిస్టన్ పట్టేసుద్ది" అన్నాడు. కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే చిన్న జెట్ మార్చి పెద్దది వేశాడు. ఈసారి ప్లగ్గు నల్లగా మసిబారింది, వెనక వచ్చేవాళ్లు తిట్టుకునేంత పొగ. మళ్లీ మార్చాడు. నాన్న చేపలమ్ముతూనే దారిలో బండి ఆపి, చేయి కాలుతున్నా ప్లగ్గు విప్పి, రంగు చూసి, సాయంత్రం వచ్చి బాజీకి చెప్పేవాడు. చివరికి ప్లగ్గు కాలిన ఇటుక రంగుకొచ్చింది. షెడ్డులో రేసు ఇస్తే నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. "ఇదే" అన్నాడు.

మర్నాడు లాకుల దగ్గర మోగితే అది కాదు. మార్తమ్మ గారు గుమ్మంలోకి వచ్చి, "ఇవాళ పోలీసాయన అనుకున్నానయ్యా" అంది. ఆవిడ తప్పు పట్టినట్టు అనలేదు, కానీ ఆ రోజూ చేపలు మిగిలాయి.

ఆ సాయంత్రం అమ్మ చేపలకు ఉప్పు పట్టిస్తూ, తలెత్తకుండా అడిగింది. "షెడ్డులో మోగిచ్చినప్పుడు బుట్టలున్నయ్యా?"

"బుట్టలెందుకే, సైలెన్సర్ చూసేదానికి?"

"చేపల్లేకుండా మోగిస్తే చేపల బండిలా ఎట్టా మోగుద్దయ్యా?"

నాన్న చేతిలో అన్నం ముద్ద అలాగే ఆగిపోయింది. అప్పటిదాకా బాజీ సరిచేసిందంతా ఖాళీ బండి. బుట్టల నిండా ఐసూ చేపలూ ఉన్నప్పుడు మలుపులో ఇంజను పడే కష్టం వేరు, ఆ కష్టంలోంచి వచ్చే చప్పుడు వేరు. పడవల దగ్గర బతికినవాళ్లం, బరువెక్కిన పడవ నీళ్లలో ఎలా మాట్లాడుతుందో తెలిసినవాళ్లం, బండి విషయంలో మాత్రం ఆ సంగతే మరిచిపోయాం.

మర్నాడు నిండు బుట్టలతో పామర్రు వెళ్లి, షెడ్డు మూయించి, బాజీని వెనక ఎక్కించుకుని లాకుల దగ్గరికే తీసుకెళ్లాం. బాజీ ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. నేను దిగబోతే, "నువ్వెక్కడికి? నువ్వూ లోడే, కూర్చో" అన్నాడు. తను దిగి గట్టు మీద నిలబడ్డాడు. మేము మలుపు తిరిగి వచ్చేవాళ్లం, అతను కార్బొరేటర్ స్క్రూ కొంచెం తిప్పేవాడు, వెనక గొట్టంలో రేకు ముక్క దోపి సుత్తితో నొక్కేవాడు, మళ్లీ తిరిగి రమ్మనేవాడు. ఎండెక్కింది. ఐసు కరిగి నా మడమల మీదుగా చుక్కలు పడుతున్నాయి. "అమ్ముకుని వచ్చాక చూద్దాం" అని బాజీ అంటే, నాన్న తల అడ్డంగా ఊపి మళ్లీ కిక్కు కొట్టాడు.

అలా తిరుగుతూనే ఉండగా గట్టు మీద మార్తమ్మ గారు కనిపించింది, చేతిలో గిన్నె, వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు.

"ఏంటయ్యా నాగయ్యా, ఇందాకటి నుంచీ ఊరి మొదట్లోనే తిరుగుతున్నావు? చింతపండు నానబెట్టి కూర్చున్నాం, లోపలికి రావా?"

బాజీ రుమాలు తీసేసి రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. ఆ రోజు బుట్టలు ఖాళీ అయ్యాయి. పెరట్లో చాపలు చుట్టేసిన అమ్మ, ఆ ఉపాయం తనదేనని ఎవరికీ చెప్పుకోలేదు.

ఇప్పుడా దారిలో చేపలు వ్యానులో వస్తాయి, రికార్డు చేసిన గొంతు మైకులో ఒకే మాట చెబుతుంది. చాలామంది ఫోను చేసి ముక్కలు కోయించి తెప్పించుకుంటారు. బెంజ్ సర్కిల్ దగ్గర కుర్రాళ్ల బళ్లకున్న మోత సైలెన్సర్లను పోలీసులు విప్పించిన వార్తలు మా పత్రిక డెస్కులో నేనే ఎన్నోసార్లు దిద్దాను. బాజీ లేడు, నాన్నా లేడు. లాకులున్నాయి, గట్టు మాత్రం తారు రోడ్డయింది.

ఆటోనగర్ నుంచి బండిని నేరుగా బందరు తీసుకెళ్లి, ఉదయాన్నే అమ్మ గుమ్మం ముందు స్టార్టు చేశాను. అమ్మ కాసేపు విని, "మీ నాన్నది కాదే ఇది" అంది. అక్కడి నుంచి బుట్టలు కట్టి, ఐసు నింపి, లాకుల మలుపు తిరిగి వెళ్లాను. మనవరాలి చేయి పట్టుకుని వరండాలోకి వచ్చిన మార్తమ్మ గారు, "నాగయ్య బండే, ఎవరు తోలుతున్నారు?" అంది. అమ్మ ఎప్పుడూ విన్నది తెల్లవారుజామున చల్లటి ఇంజను బయల్దేరే చప్పుడు, మార్తమ్మ గారు విన్నది వేడెక్కిన ఇంజను బరువుతో వచ్చే చప్పుడు. ఒకరి కోసం సరిచేస్తే రెండోవారికి చెడుతుంది. జెట్ మార్చమంటారా, అలాగే ఉంచమంటారా అని మెకానిక్ ఫోన్ చేశాడు. రెండు చప్పుళ్లూ ఇంకోసారి విని చెబుతానన్నాను.