అడవిల నేను చేసిన ఓపెనింగు

మొన్న అడవిల నాకు జరిగిన సన్మానం మీరు చూడాల్సింది. చూసినోళ్లు ఇంకా నవ్వుతనే ఉన్నరట.

మా మనవరాలు అఖిల పదో తరగతి. ఇంటికి చుట్టాలొస్తే తలుపెనక నిలబడే పిల్ల. దాన్ని బడోళ్లు చండ్రుగొండ దిక్కు అడవిల క్యాంపుకు తీస్కపోయిన్రు. ఆడపిల్లలే పొదలు నరికి, రాళ్లు పరిచి నడకబాట చేస్తరట. దాంతోని కాన్ఫిడెన్స్ వస్తదట. గడ్డపార పట్టంగనే అంటుకునేదానికి అదేమన్న జలుబా? బొగ్గుబాయిల నేను తవ్విన బొగ్గుతోని సగం దేశానికి కరెంటొచ్చింది. నాకు చెప్తరా ధైర్యం సంగతి?

మా పెద్దోడు, దాని నాయన, అడవిల పిల్లకేమైతదో అని బుగులు పడ్డడు. "నాయినా, నువ్వు పోయి చూడు. నీకు నచ్చకుంటే తోల్కరా" అన్నడు. తోల్కొచ్చుడే అనుకోని, గంజి పెట్టిన తెల్లచొక్కా తొడిగి బస్సెక్కిన.

పోయేసరికి అఖిల గడ్డపారతోని బండరాయి లేపుతున్నది.

"బ్యాగు సర్దుకో, పోదాం" అన్న.

"ఈ మలుపు అయ్యేదాక ఉంటా తాతా" అన్నది, నేల చూసుకుంట, గొణిగినట్టు.

"నీ మలుపు నేను ఒంటిచేత్తో చేసిస్త, నడువు."

మలుపుకాడ ఓ తీగకు ఎర్ర రిబ్బన్ కట్టి ఉన్నది. నాకు సమజైంది. పెద్దమనిషి వచ్చిండని ఓపెనింగు పెట్టిన్రు. మన దిక్కు బోరింగుకు సుత రిబ్బన్ తెంపందే నీళ్లు రావు గదా. పళ్లెంల కత్తెర లేదు, మర్యాద తెల్వని క్యాంపు. రిబ్బన్ పట్టుకోని ఒక్క గుంజు గుంజిన. తీగంత కాయలతోని సహా మీద పడ్డది. ఎవరు కొడ్తలేరని చప్పట్లు నేనే కొట్టుకున్న.

అది దూలగొండి. ఎవరు ముట్టొద్దని గుర్తుకు కట్టిన్రట రిబ్బన్.

దురద మెడకాడ మొదలై, వీపు మీదికి పాకి, పంచెలకు దిగింది. పులి ఎదురైనా పక్కకు జరగనోన్ని, కోతి లెక్క ఎగురుకుంట నీళ్లడబ్బా దిక్కు ఉరికిన.

"తాతా, ఆగు."

అడవంత ఇనపడ్డది. అఖిల గొంతే అది.

"నీళ్లు పోసుకోకు. గోక్కోకు. చొక్కా విప్పి ఆ రాయి మీద కూసో." దోస్తు దిక్కు తిరిగి, "లతా, పేడ తేపో, దురదకు అదే మందు" అన్నది.

"మెల్లగ బిడ్డా, అందరు చూస్తున్రు."

"చూడనీ. చెయ్యి కిందికి పెట్టు."

పెట్టిన. గోడకు అలికినట్టు నా వీపుకు పేడ అలికింది.

ఇంటికొస్తే పెద్దోడు వాకిట్లనే అడిగిండు, "పిల్లేది నాయినా?"

"ఉండమని పర్మిషన్ ఇచ్చొచ్చిన" అన్న, మీసం దువ్వుకుంట.

అడవిల ఆ పొద్దంత దాని పర్మిషన్ లేనిదే నా వీపు నేను గోక్కోలేకపోయిన.